జవాబు రాకముందే విశ్రాంతి: ఎదురుచూసే కాలంలో దేవుని ఎదుట నిమ్మళంగా ఉండడం ఎలా

చెన్నైలోని తెలుగు సంఘాల్లో ఆదివారం ఆరాధన చివర ప్రార్థన మనవులు చెప్పమన్నప్పుడు లేచి నిలబడేవారిలో ఎక్కువమంది ఏదో ఒక దాని కోసం ఎదురుచూస్తున్నవారే. నెల్లూరు నుంచో తిరుపతి నుంచో వైద్యానికి వచ్చి, గ్రీమ్స్ రోడ్డు దగ్గర లాడ్జీలో గది తీసుకొని, బయాప్సీ రిపోర్టు ఎప్పుడొస్తుందా అని చూస్తున్నవారు ఉంటారు. పెరంబూరులో తరాలుగా స్థిరపడిన ఇంట్లో కూతురికి సంబంధం కుదరక తల్లిదండ్రులు ఎదురుచూస్తూ ఉంటారు. ఐటీ సంస్థలుండే ఓఎంఆర్‌ రోడ్డులో ఉద్యోగం పోయి, ఇంటర్వ్యూలు ఇచ్చి, కబురు రాక పీజీ హాస్టల్లో రోజులు లెక్కపెట్టే యువకులు ఉంటారు. పెళ్లయి ఏళ్లు గడిచినా బిడ్డ కలగని దంపతులు లేచి నిలబడరు. వారి మనవి చీటీ మీద రాసి కాపరికి అందుతుంది.

ఈ మార్గదర్శి వారందరి కోసం. జవాబు త్వరగా రప్పించే ఉపాయం ఇందులో లేదు, అలాంటిది ఉందని చెప్పేవారి మాట నమ్మవద్దని నా మనవి. లేఖనాలు చూపించేది వేరొకటి ఉన్నది: కోరినది చేతికి రాకముందే, ఎదురుచూపు ఇంకా సాగుతుండగానే, మనిషికి దేవుని దగ్గర నెమ్మది దొరుకుతుంది. ‘రిపోర్టు మంచిగా వస్తే అప్పుడు ప్రశాంతంగా ఉంటాను’ అని మనం వాయిదా వేసుకునే ఆ ప్రశాంతతను ప్రభువు ఈ రోజే ఇవ్వగలడు. దానిని అందుకోవడానికి అలవాటు కావాలి, అలవాటుకు ఒక క్రమం కావాలి. ఒక నోటు పుస్తకం, బైబిలు, రోజుకు సుమారు ఇరవై నిమిషాలు ఉంటే మొదలుపెట్టవచ్చు. మొదటి మూడు అడుగులను వరుసగా పాటించండి; తర్వాతివి మీ పరిస్థితిని బట్టి ముందు వెనుకలుగా తీసుకున్నా నష్టం లేదు.

మొదటి అడుగు: మీ వంతు ఏదో, మీ వంతు కానిది ఏదో రాసుకోండి

ఎదురుచూసే మనిషిని ఆలస్యం కన్నా ఎక్కువగా అలసటకు గురిచేసేది, తన చేతిలో ఏముందో ఏది లేదో తేల్చుకోలేని అయోమయం. అందుచేత ముందుగా నోటు పుస్తకంలో ఒక పుటను మూడు భాగాలు చేయండి. మొదటి దానిలో నేను చేయవలసినవి, రెండవ దానిలో ఇతరులు చేయవలసినవి, మూడవ దానిలో దేవుడు తప్ప ఎవరూ చేయలేనివి రాయండి. బయాప్సీ విషయమే తీసుకుంటే, పాత రిపోర్టులన్నీ ఒక ఫైలులో పెట్టుకోవడం, చెప్పిన వేళకు మందులు వేయడం, డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రాసుకోవడం మీ వంతు. కణాలను పరీక్షించి నివేదిక ఇవ్వడం ల్యాబువారి వంతు. ఆ కణాల్లో ఏముందో, రోగి ఆయుష్షు ఎంతో మూడవ భాగానికి చెందినవి.

మొదటి భాగంలో ఉన్న పనులను శ్రద్ధగా చేయడం అవిశ్వాసం కాదు. మందులు మానేస్తేనే విశ్వాసమని ఎవరైనా చెబితే వినవద్దు. చిక్కు ఎక్కడ వస్తుందంటే, రెండవ, మూడవ భాగాల్లోని పనులను కూడా మనమే మోయబోతాము. రాజైన సౌలు ప్రవక్త సమూయేలు కోసం గిల్గాలులో ఏడు దినాలు ఆగాడు. ప్రజలు చెదిరిపోతుంటే తాళలేక, తనది కాని పని, అంటే దహనబలి అర్పించడం, తానే చేసేశాడు. అబ్రాహాము 75 ఏళ్ల వయసులో సంతానాన్ని గురించిన వాగ్దానం అందుకొని బయలుదేరాడు, ఇస్సాకు పుట్టేసరికి ఆయనకు 100 ఏళ్లు. ఆ మధ్యలో, 86వ ఏట, దాసి హాగరు ద్వారా ఇష్మాయేలు పుట్టాడు. ఆ తొందరపాటు బాధను అందరికన్నా ఎక్కువగా మోసినది ఏ తప్పూ లేని హాగరు, ఆమె బిడ్డ. ఎదురుచూపులో మన ఆత్రానికి వెల చెల్లించేది తరచుగా మన పక్కనున్నవారే అని ఈ వృత్తాంతం చదివిన ప్రతిసారీ నాకు అనిపిస్తుంది.

పుట రాసిన తర్వాత మూడవ భాగం మీద చేయి ఉంచి, ‘ప్రభువా, ఇవి నీవి’ అని పైకి చెప్పండి. రేపు మళ్లీ చెప్పవలసి వస్తుంది. చింతను ఒక్కసారి దించి శాశ్వతంగా వదిలేయగలిగినవారు అరుదు, మనలో చాలామంది రోజూ దించుకోవలసినవారమే.

రెండవ అడుగు: మౌనానికి ముందు మొర

ఈ అడుగును దాటవేసి నేరుగా మౌనంలోకి వెళ్లాలని చూసేవారు చాలామంది ఉన్నారు. లోపల దుఃఖం ఉడుకుతుండగా పైకి ‘అంతా ప్రభువు చిత్తం’ అంటూ కూర్చుంటే వచ్చేది విశ్రాంతి కాదు, బిగింపు. లేఖనం మనకు ముందుగా మొర నేర్పుతుంది. 13వ కీర్తన ఆరు వచనాలే ఉన్నా, దావీదు అందులో ‘ఎంతవరకు’ అనే ప్రశ్నను నాలుగుసార్లు అడుగుతాడు. 88వ కీర్తన ఇంకా ముందుకు వెళ్లి, ఊరట మాట ఒక్కటీ లేకుండా చీకటి ప్రస్తావనతోనే ముగుస్తుంది. అటువంటి ప్రార్థనను పరిశుద్ధ గ్రంథంలో ఉంచిన దేవుడు మీ ఏడుపును చూసి విసుక్కుంటాడని భయపడవలసిన పని లేదు.

ఇక్కడ బిడ్డలు లేని హన్నాను నిదానంగా చూడాలి, ఎందుకంటే ఈ మార్గదర్శిలో చెప్పదలచినదంతా ఆమె వృత్తాంతంలో ఉన్నది. ఏటేటా ఆరాధనకు షిలోహుకు వెళ్తున్నది, ఏటేటా సవతి దెప్పుతున్నది, భర్త ప్రేమగా మాట్లాడినా ఆ మాట ఆమె బాధను అందుకోలేకపోతున్నది. ఒకనాడు ఆమె మందిరం దగ్గర బహుగా ఏడుస్తూ ప్రార్థించింది. పెదవులు కదిలాయే గాని స్వరం వినబడలేదు. యాజకుడైన ఏలీ ఆమె తాగి ఉన్నదని అనుకున్నాడు. ‘నా ఆత్మను యెహోవా సన్నిధిని కుమ్మరించుకొనుచున్నాను’ అని ఆమె జవాబు చెప్పింది. ఏలీ ఆమెను క్షేమంగా వెళ్లమని దీవించాడు. ఆమె లేచి వెళ్లి భోజనం చేసి, నాటినుండి ‘దుఃఖముఖిగా నుండుట మానెను’ అని సమూయేలు మొదటి గ్రంథం 1వ అధ్యాయం 18వ వచనం చెబుతుంది. అప్పటికి ఆమె ఇంకా గర్భవతి కాలేదు. బిడ్డ కలుగుతాడన్న గురుతు ఆమె దేహంలో ఏదీ లేదు. సవతి అదే సవతి, ఇల్లు అదే ఇల్లు. మారినది ఆమె ముఖం ఒక్కటే, ఆ మార్పు జవాబుకు ముందే వచ్చింది.

మీరు దీనిని ఆచరించే విధానం ఇది. తలుపు వేసుకొనే వీలున్న చోట, లేకపోతే డాబా మీద, అయిదు నిమిషాలు మీ బాధను పైకి మాటల్లో చెప్పండి. ఈ నగరంలో రోజంతా తమిళంలోనో ఇంగ్లీషులోనో మాట్లాడి నలిగిపోయిన మనం ప్రార్థనకు వచ్చేసరికి బైబిలు తెలుగును అరువు తెచ్చుకుంటాము. అది ఆరాధనకు అందమే, కానీ మొరకు మీ అమ్మతో మాట్లాడే తెలుగే తగినది. నెల్లూరు యాస అయితే నెల్లూరు యాసలోనే చెప్పండి. మాటలు రాకపోతే రాయండి: ఎంతకాలంగా ఎదురుచూస్తున్నారు, ఏది ఎక్కువగా నొప్పిస్తున్నది, దేవుని మీద మీకున్న ఫిర్యాదు ఏమిటి, అయినా ఆయన దగ్గరకే ఎందుకు వచ్చారు. ఈ నాలుగింటికి జవాబు రాస్తే అది మీ సొంత కీర్తన అవుతుంది. మీ కన్నీళ్లను ఏలీ లాగా తప్పుగా అర్థం చేసుకునేవారు ఉంటారు. వారికి సంజాయిషీ చెప్పడం కోసం మీ ప్రార్థనను మధ్యలో ఆపవద్దు.

మూడవ అడుగు: ఒక చోటు, ఒక వేళ

చెన్నైలో నిశ్శబ్దం వెతుక్కుంటేనే దొరుకుతుంది. ఇరుకు ఇళ్లు, పక్క వాటాలో టీవీ, వీధిలో హారన్లు. తెల్లవారుజామున పాల ప్యాకెట్లు వేసే వేళ, ఇంకా ఎండ ఎక్కకముందు, డాబా మీద దొరికే అరగంట ఈ నగరంలో అన్నిటికన్నా నమ్మకమైనది. వేసవిలో ఆ అరగంట దాటితే కూర్చోవడం కష్టం. ఇంట్లో వీలుకానివారికి గుడులు ఉన్నాయి. మైలాపూరు దగ్గరి శాంతోమ్ బసిలికాలో ప్రధాన ఆలయానికి వేరుగా, అపొస్తలుడైన తోమా సమాధి ఉన్న చిన్న ప్రార్థనాలయంలో మాటలు లేకుండా కూర్చోవచ్చు. 1821లో ప్రారంభమైన ఎగ్మూరులోని సెయింట్ ఆండ్రూస్ కిర్క్‌లో నీలి గుమ్మటం మీద బంగారు నక్షత్రాల కింద ఆదివారం ఆరాధనకు కాస్త ముందుగా వెళ్లి కూర్చున్నా చాలు. బెసెంట్ నగర్ వేలాంకన్ని మాత ఆలయం ఆగస్టు 29 నుంచి సెప్టెంబరు 8 వరకు జరిగే ఉత్సవాల్లో జనంతో నిండిపోతుంది గాని, మామూలు రోజుల మధ్యాహ్నం అక్కడ కూర్చోవడానికి చోటు దొరుకుతుంది. మీ శాఖ ఏదైనా, మరొకరి గుడిలో నిశ్శబ్దంగా కూర్చోవడంలో అభ్యంతరం ఉండదని నా అభిప్రాయం. తెరిచి ఉండే వేళలు మాత్రం ముందుగా కనుక్కోండి.

దేవుని కోసం ఊరకుండి ఎదురుచూడడం ఈ నగరపు క్రైస్తవ చరిత్రలో కొత్త సంగతి కాదు. 1941లో సువార్తికుడు భక్త్ సింగ్, ఆయన సహచరులు పల్లవరం కొండ మీద రాత్రంతా ప్రార్థనలో గడిపారు. ఆ తర్వాతే మద్రాసులో యెహోవా షమ్మా సహవాసం మొదలైంది, దాని శాఖలు తెలుగు నేలంతటా విస్తరించాయి. వారు ఏ పని ఎలా మొదలుపెట్టాలో తెలియక కొండ ఎక్కినవారే.

ఒకసారి చోటు, వేళ నిర్ణయించుకున్నాక కనీసం ఒక నెల మార్చవద్దు. మనసు ప్రతిరోజూ ‘ఈ రోజు ఎక్కడ, ఎప్పుడు’ అని తర్కించుకోవడంలోనే సగం శక్తి ఖర్చయిపోతుంది.

నాలుగవ అడుగు: పదిహేను నిమిషాల మౌనం

ఇది ఈ క్రమానికి నడిబొడ్డు, కాబట్టి వివరంగా రాస్తున్నాను. ఫోనును మరో గదిలో పెట్టండి. ఆసుపత్రి నుంచి కబురు రావలసి ఉండి అలా పెట్టలేకపోతే, ఇంట్లో మరొకరి చేతికి ఇచ్చి, అవసరమైతేనే పిలవమని చెప్పండి. వెన్ను నిటారుగా ఉండేటట్లు కుర్చీలోనో, గోడకు ఆనుకొని చాప మీదనో కూర్చోండి. మోకాళ్ల మీద ఉండడం అలవాటైతే మంచిదే, మోకాళ్ల నొప్పి మీద ధ్యాస నిలిచేటంతగా వద్దు.

మొదటి రెండు నిమిషాలు శ్వాసను గమనించండి. మార్చవద్దు, గమనించండి చాలు. ఎదురుచూసేవారి భుజాలు తెలియకుండానే చెవుల దాకా ఎక్కి ఉంటాయి, దవడలు బిగిసి ఉంటాయి. వాటిని వదులు చేయండి.

తర్వాత ఒక చిన్న వాక్యభాగాన్ని నెమ్మదిగా, వినబడేటట్లు చదవండి. మొదటి వారానికి 131వ కీర్తన తగినది, మూడే వచనాలు. అందులో కీర్తనకారుడు తన ప్రాణాన్ని తానే నిమ్మళపరచుకొని, సముదాయించుకొని, పాలు విడిచిన పిల్ల తల్లి దగ్గర ఉన్నట్లు ఉన్నానంటాడు. పాలు తాగే పిల్ల తల్లి ఒడిలోకి వచ్చేది ఆకలి కోసం. పాలు మానిన పిల్ల వచ్చేది తల్లి కోసమే. మన ఎదురుచూపు మనల్ని తీసుకువెళ్లవలసినది అక్కడికే, అంటే ఇచ్చే చేతి కన్నా ఇచ్చేవాడి సన్నిధి ప్రీతికరం అయ్యే స్థితికి. రెండవ వారంలో 62వ కీర్తన మొదటి ఎనిమిది వచనాలు, మూడవ వారంలో విలాపవాక్యములు 3వ అధ్యాయం 21 నుంచి 26 వరకు తీసుకోవచ్చు. భాగాన్ని రెండుసార్లు చదివాక, మిమ్మల్ని పట్టుకున్న ఒక మాటను ఎంచుకోండి. పన్నెండవ శతాబ్దపు సన్యాసి గ్విగో ఈ పద్ధతిని చదవడం, ధ్యానించడం, ప్రార్థించడం, దేవునిలో నిలిచి ఉండడం అనే నాలుగు మెట్లుగా చెప్పాడు. మన ఇళ్లలో పెద్దవాళ్లు ఒకే వచనాన్ని రోజంతా మననం చేసుకోవడం ఇంచుమించు ఇటువంటిదే.

మిగిలిన పది నిమిషాలు ఏమీ అడగకుండా ఆ మాటతో దేవుని ఎదుట ఉండండి. మనసు వెళ్లిపోతుంది. లాడ్జీ అద్దె గుర్తుకొస్తుంది, మేనమామ అన్న మాట గుర్తుకొస్తుంది, రిపోర్టులో ఏముంటుందో ఊహలు వస్తాయి. వెళ్లిన ప్రతిసారీ మిమ్మల్ని మీరు తిట్టుకోకుండా ఆ మాట దగ్గరికి తిరిగి రండి. పది నిమిషాల్లో ముప్పైసార్లు వెళ్లి ముప్పైసార్లు తిరిగివస్తే ఆ రోజు ప్రార్థన పాడైందని అనుకోకండి. తిరిగి రావడమే ఆనాటి ప్రార్థన. చివరగా ప్రభువు ప్రార్థన చెప్పి లేవండి.

నిద్ర ముంచుకొస్తే? చాలా రోజులుగా నిద్ర లేనివారికి మౌనంలో కూర్చోగానే కునుకు వస్తుంది. ఏలీయా బదరీ వృక్షం కింద పడుకొని చచ్చిపోవాలని కోరుకున్నప్పుడు దేవదూత ఆయనకు మొదట చెప్పినది లేచి భోజనం చేయమని. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు, దూత రెండవసారి లేపి తినిపించాడు. హోరేబు కొండ మీద నిమ్మళంగా మాట్లాడే స్వరం వినబడినది ఆ తర్వాతే. దేహానికి కావలసినది ఇవ్వకుండా ఆత్మకు విశ్రాంతి వెతకడం దేవుడు తన ప్రవక్తకు చూపిన క్రమం కాదు. తినండి, పడుకోండి, రేపు కూర్చోండి.

అయిదవ అడుగు: వెయిటింగ్ హాలులో చేయగల ప్రార్థన

తెల్లవారుజామున దొరికిన నెమ్మది మధ్యాహ్నం ఆసుపత్రి వరండాలో నిలుస్తుందా అన్నది సరైన ప్రశ్న. రోగుల బంధువుల పక్కన కూర్చునే అవకాశం నాకు అప్పుడప్పుడు దొరుకుతుంది. ఒక స్కాన్ గది బయట గూడూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లిని చూశాను. లోపల ఆమె కొడుకు ఉన్నాడు. ఇంకో పరీక్షకు ఇచ్చిన టోకెన్ చీటీ ఆమె చేతిలో ఉన్నది. గోడ మీద బోర్డులో నంబరు మారినప్పుడల్లా చీటీ విప్పి చూసి, మళ్లీ నాలుగు మడతలు వేసి కొంగున ముడి వేసుకునేది. మడతలు చెమటకు మెత్తబడి, నంబరులో ఒక అంకె సగం చెరిగిపోయింది. పేర్లు తమిళ ఉచ్చారణలో పిలుస్తున్నారు, తన కొడుకు పేరు తనకు తెలియకుండానే దాటిపోతుందేమోనని ఆమె భయం. ‘ప్రార్థన చేద్దామంటే ఆ నంబరే కళ్ల ముందు ఉంటోంది నాయనా’ అన్నది. ‘నంబరు నేను చూస్తుంటానమ్మా, మీరు కాసేపు కళ్లు మూసుకోండి’ అన్నాను. ఆమె చీటీ నా చేతిలో పెట్టి గోడకు తల ఆనించింది.

వీలైతే మీకూ అలాంటి తోడు ఒకరిని వెంట తీసుకువెళ్లండి. ఒకరు బోర్డు చూస్తే ఇంకొకరు ప్రార్థించవచ్చు. ఒంటరిగా ఉన్నప్పుడు శ్వాసతో కలిపి చెప్పుకునే చిన్న ప్రార్థన ఆసరా అవుతుంది. తూర్పు సంఘాల్లో శతాబ్దాలుగా ఉన్న ప్రార్థన ఇది: ఊపిరి తీసుకుంటూ ‘ప్రభువైన యేసు క్రీస్తూ, దేవుని కుమారుడా’, వదులుతూ ‘నన్ను కరుణించుము’. లేకపోతే 23వ కీర్తన మొదటి వచనాన్ని రెండు సగాలుగా చేసుకోండి: ‘యెహోవా నా కాపరి’, ‘నాకు లేమి కలుగదు’. పెదవులు కదపనక్కర లేదు. కళ్లు తెరిచి బోర్డు చూస్తూ కూడా చెప్పుకోవచ్చు. కంఠస్థం లేనివారు ఒక చిన్న కార్డు మీద రాసి ఫైలు పైన అతికించుకోవాలి, ఎందుకంటే భయం ఎక్కువైనప్పుడు బాగా తెలిసిన వచనం కూడా గుర్తుకు రాదు.

వరండాలో కూర్చొని జబ్బు పేరు ఫోనులో వెతకడం మాత్రం మానండి. డాక్టరును అడగవలసిన ప్రశ్న తోస్తే నోటు పుస్తకంలో రాసి, మళ్లీ ప్రార్థన దగ్గరికి రండి.

ఆరవ అడుగు: వారానికి ఒక పూట ఆ విషయానికి సెలవు

మన ఆదివారాలు కూడా అలసటే. ఉదయం ఆరాధన, తర్వాత స్త్రీల కూటం, సాయంత్రం యవ్వనస్థుల కూటం, మధ్యలో ఎవరింటికో ప్రార్థనకు వెళ్లడం. వీటిలో ఒకదానిని కొంతకాలం వదులుకున్నా తప్పు లేదు. వారంలో ఒక పూట, ఆదివారం మధ్యాహ్నమైతే అందరికీ వీలు, ఇంట్లో ఎవరూ ఆ విషయం ఎత్తకూడదని ముందుగా అనుకోండి. సంబంధాల సైటు తెరవడం, ఈమెయిలు చూడటం, రిపోర్టుల ఫైలు విప్పడం ఆ పూట ఉండవు. అన్నం తినండి, పిల్లలతో ఆడండి, సాయంత్రం సముద్రం ఒడ్డుకు వెళ్లండి. అరణ్యంలో ఇశ్రాయేలీయులకు దేవుడిచ్చిన ఆహారం మన్నా ఏ రోజుకు ఆ రోజే దొరికేది, మరునాటికి దాచినది పురుగుపట్టి కంపు కొట్టేది. ఏడవ దినానికి మాత్రం ముందు రోజే రెండంతలు దొరికి పాడవకుండా ఉండేది. పని ఆపిన రోజున కూడా పోషించేవాడు ఆయనే అని వారు నేర్చుకోవడానికి అది పాఠం.

క్రైస్తవ సంవత్సరం మొదలయ్యేదే ఎదురుచూపుతో అన్న సంగతి కూడా గుర్తుంచుకోండి. క్రిస్మస్‌కు ముందు నాలుగు ఆదివారాల ఆగమన కాలంలో సుమెయోను, ‘అన్న’ అనే ప్రవక్త్రి వంటి వృద్ధుల ఎదురుచూపును సంఘమంతా కలిసి తలచుకుంటుంది. మీ ఎదురుచూపు ఆ కాలంలో వస్తే, రోజువారీ మౌనంలో లూకా సువార్త 1, 2 అధ్యాయాలను కొద్దికొద్దిగా చదవండి.

ఏడవ అడుగు: ఎవరిని దగ్గరికి రానివ్వాలి

ఎదురుచూసేవారిని మాటలతో గాయపరిచేవారు సాధారణంగా చెడ్డవారు కారు. ‘ఏమైంది, ఏమైనా తెలిసిందా’ అని ప్రతి సాయంత్రం ఫోను చేసే పిన్నికి ప్రేమే ఉన్నది. కానీ అదే జవాబు ఎనిమిదిమందికి చెప్పేసరికి మీ బలం హరించుకుపోతుంది. కుటుంబంలో ఒకరిని, తమ్ముడో మరిదో ఎవరైనా సరే, కబుర్లు చెప్పే బాధ్యతకు పెట్టండి. ‘తెలియగానే తమ్ముడు చెబుతాడు పిన్నీ, ప్రార్థనలో తలచుకో’ అంటే చాలు, ఎవరూ నొచ్చుకోరు.

ఇంకొక రకం మనుషుల విషయంలో మాత్రం గట్టిగా ఉండాలి. ‘ఈ నెలలోపు కార్యం జరుగుతుందని ప్రభువు చూపించాడు’ అని గడువు పెట్టి ప్రవచించేవారు, ఆ ప్రవచనానికి కానుక అడిగేవారు మన తెలుగు సంఘాల చుట్టూ తిరుగుతూ ఉంటారు. నెల గడిచి కార్యం జరగకపోతే నీ విశ్వాసం చాలలేదంటారు. రోగికి ఇది రెండవ జబ్బు. హన్నా కూడా మొక్కుకున్నది గదా అని వారు చూపించవచ్చు. ఆమె మొక్కుబడి ఆమెకూ దేవునికీ మధ్య జరిగినది, ఎవరూ అడిగి చేయించినది కాదు, దానికి గడువూ లేదు. బెదిరింపుతోనో రొక్కంతోనో ముడిపడిన ప్రార్థనను మర్యాదగా నిరాకరించండి.

మీకు కావలసినవారు ఇద్దరు ముగ్గురు చాలు. యోబు స్నేహితులు నోరు తెరిచాక చెప్పిన మాటలను దేవుడే తప్పుపట్టాడు, కానీ దానికి ముందు వారు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు అతనితో నేల మీద మాట లేకుండా కూర్చున్నారు. అలా కూర్చోగలిగినవారిని వెతుక్కోండి. వారానికి ఒకసారి వచ్చి, సలహా చెప్పకుండా, మీతోపాటు ఒక కీర్తన చదివి, కాఫీ తాగి వెళ్లేవారు మీ సంఘంలో తప్పకుండా ఒకరు ఉంటారు. అడగడానికి మొహమాటపడకండి.

ఎనిమిదవ అడుగు: రాత్రి

పగలు ఎలాగో గడుస్తుంది, రాత్రి గడవదు. పడుకునేముందు యేసు సభ స్థాపకుడు ఇగ్నేషియస్ నేర్పిన పద్ధతిని అయిదు నిమిషాలకు కుదించి చేయవచ్చు: ఈ రోజును ఉదయం నుంచి ఒకసారి తలచుకొని, ఎక్కడ దయ దొరికిందో చూసి కృతజ్ఞత చెప్పడం, ఎక్కడ భయం గెలిచిందో చూసి దానిని ప్రభువుకు చూపించడం, రేపటికి కావలసిన సాయం అడగడం. దయ అంటే పెద్ద కార్యమే కానక్కర లేదు. మెస్సులో ఎవరో రోగికని పథ్యం వండి పెట్టడం, ఆటోవాలా చిల్లర తగ్గించి తీసుకోవడం కూడా రాసుకోదగినవే. ఆ తర్వాత 4వ కీర్తన చివరి వచనం చెప్పి పడుకోండి. నడిరాత్రి మెలకువ వస్తే గడియారం చూడకుండా, శ్వాసతో చెప్పే ప్రార్థనకు రండి. తుఫానులో యేసు దోనె వెనుక భాగాన తలగడ మీద నిద్రించాడని మార్కు రాశాడు. ఆ దోనెలో ఉన్న శిష్యులు భయపడ్డారు, అరిచారు, ఆయనను లేపారు. వారిని ఆయన దోనెలోంచి దింపేయలేదు.

వారాల తరబడి నిద్ర, ఆకలి లేకపోతే, దేని మీదా మనసు నిలవకపోతే, బతకడం ఎందుకన్న ఆలోచన వస్తే, ప్రార్థన ఆపకుండానే వైద్యసహాయం తీసుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలి మానస్ 14416 నంబరులో పగలూ రాత్రీ అందుబాటులో ఉంటుంది, తెలుగులో మాట్లాడవచ్చు. చెన్నైలో స్నేహ సంస్థ 1986 నుంచి ఇటువంటివారి మాట వింటున్నది. చచ్చిపోవాలని కోరిన ఏలీయాను దేవుడు గద్దించలేదు, తిండి పెట్టాడు. మీకు సాయం పంపే దారుల్లో వైద్యులూ ఉన్నారు.

తొమ్మిదవ అడుగు: జవాబు వచ్చే రోజుకు సిద్ధపడడం

ఫలానా రోజు కబురు వస్తుందని తెలిసినప్పుడు ముందు రోజు రాత్రే, సిలువకు ముందు రాత్రి యేసు ప్రార్థించిన గెత్సేమనే వృత్తాంతం చదవండి. ప్రభువు ఆ గిన్నె తన నుంచి తొలగిపోవాలని దాచుకోకుండా అడిగాడు, తండ్రి చిత్తానికి అప్పగించుకున్నాడు, అదే మాటలతో మూడుసార్లు ప్రార్థించాడు. పౌలు కూడా తన శరీరంలోని ముల్లు తొలగాలని మూడుసార్లు వేడుకున్నాడు. తొలగలేదు, ‘నా కృప నీకు చాలును’ అన్న మాట దొరికింది. ఒకే మనవిని మళ్లీ మళ్లీ చేయడం విశ్వాసం లేకపోవడం కాదు. కోరినది కాక వేరొకటి రావడం దేవుడు వినలేదనడానికి రుజువూ కాదు.

కబురు వినడానికి ఒంటరిగా వెళ్లవద్దు. తోడు వచ్చినవారికి నోటు పుస్తకం ఇచ్చి డాక్టరు చెప్పినది రాయమనండి, ఎందుకంటే మంచి వార్త అయినా చెడు వార్త అయినా మొదటి వాక్యం తర్వాత మన చెవికి ఏదీ ఎక్కదు. బయటికి వచ్చాక ఎవరికీ ఫోను చేయకముందు ఇద్దరూ కలిసి ప్రభువు ప్రార్థన చెప్పండి. మంచి వార్త అయితే పరుగెత్తుకొని వెళ్లిపోకండి. పక్క కుర్చీలో ఇంకా కబురు రానివారు ఉంటారు, వారి పేరు అడిగి తెలుసుకొని ఆ రాత్రి ప్రార్థనలో తలచుకోండి. చెడు వార్త అయితే, వైద్యులు వెంటనే తేల్చమన్నవి తప్ప పెద్ద నిర్ణయాలేవీ ఆ రోజు తీసుకోవద్దు. రెండవ అడుగుకు, అంటే మొరకు, సిగ్గుపడకుండా తిరిగి వెళ్లండి. చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ఏడ్చాడు. మూడవ రకం జవాబు కూడా ఉన్నది, ‘ఇంకో రెండు నెలల తర్వాత చూద్దాం’ అనేది. అది వచ్చిన సాయంత్రం నోటు పుస్తకంలో కొత్త పుట తీసి మళ్లీ మూడు భాగాలు చేయండి. మీ వంతులో ఉన్న పనులు ఈసారి వేరుగా ఉంటాయి.